సాయంత్రం ఆరు దాటాక రండి

పోర్తోలో మా దుకాణం రైలు స్టేషన్ వెనక సందులో.
వానొస్తే మెట్ల మీంచి నీళ్ళు నేరుగా గడపలోకి దిగుతాయి.
అందుకే మా బూట్లన్నీ
మోకాలెత్తు పైనుంచే మొదలవుతాయి.

ఆయన పొద్దున పదింటికి వచ్చాడు.
పేరు అదెరీతో. మిందేలో రేవు మనిషి,
ముప్పయ్యేళ్ళు ఓడల్లో భోజనాలు వడ్డించాడు.
కాలికి బలపం కట్టుకు తిరిగాడంటారే,
ఈయన బలపం ఉప్పునీళ్ళ మీద గీసింది.

"నల్లవి. లేసులవి. నలభై మూడు" అన్నాడు
కాఫీ అడిగినంత తేలిగ్గా.
అంతలోనే అనుమానం:
"సౌతాంప్టన్‌లో తొమ్మిదన్నారు. బాల్టిమోర్‌లో పది.
యొకొహామాలో ఇరవై ఏడున్నర, అవి సెంటీమీటర్లట.
జెనోవాలో ఒకడు నలభై నాలుగు తొడిగి
ఇదే మీ నంబరని ఒట్టేశాడు.
ఇన్ని పేర్లున్న పాదం నాకొక్కడికేనా?"

కాదన్నాను.
ఇంగ్లీషువాళ్ళది బార్లీ గింజల లెక్క.
మూడు గింజలు వరసగా పేరిస్తే అంగుళం,
గింజకొక సైజు.
ఎప్పుడో ఏ గాదె పక్కనో కూర్చుని తేల్చిన కొలత
ఇంకా మన బొటనవేలి ముందు మొలుస్తూనే ఉంది.
పారిస్ లెక్కలో ఒక్కో మెట్టు
సెంటీమీటరుకి మూడింట రెండొంతులు.
ఎందుకని అడక్కండి.
నేనడిగితే మా ఫిర్మీనో మేస్త్రీ
నోట్లో మేకులు పెట్టేసుకున్నాడు.
అమెరికావాళ్ళు ఇంగ్లీషు అంకెకి ఒకటి కలుపుతారు,
కొందరు అరే కలిపి ఊరుకుంటారు.
జపానువాళ్ళు పాదాన్ని కొలుస్తారు.
మిగతా వాళ్ళం
పాదం బదులు కొయ్య అచ్చుని.

ఆయన నవ్వలేదు.
"మరి నాదెంత?"

సాయంత్రం ఆరు దాటాక రండి.
పొద్దుటి పాదం మొహమాటస్తురాలు,
ఎంత ఇరుకైనా సర్దుకుంటానంటుంది.
ఈ ఊరి మెట్లన్నీ ఎక్కి దిగాక
నిజం చెబుతుంది.

పావు తక్కువ ఆరుకే వచ్చి చూరు కింద నిలబడ్డాడు.
మేజోళ్ళు కొత్తవి,
మడమ దగ్గర ధర చీటీ ఊడలేదు.

నిలబెట్టి కొలిచాను.
కూర్చున్న పాదం వేరు, మనిషిని మోసే పాదం వేరు.
ఇనప కొలబద్ద చల్లదనానికి వేళ్ళు ముడిచాడు,
వదలండంటే వదలడు,
నేల ఊగితే పట్టుకోవాలి కదా అన్నట్టు.

ఎడమది నలభై ఒకటిన్నర.
కుడిది నలభై ఒకటి మీద వెంట్రుకవాసి.
నమ్మలేక మళ్ళీ కొలిచాను.
అప్పుడు అడ్డంగా,
బొటనవేలి ఎముక దగ్గర పట్టీ చుట్టి చూశాను.

ఈ మనిషి ఇన్నాళ్ళూ
వెడల్పు కావలసి పొడవు కొనుక్కున్నాడు.
ప్రతి రేవులోనూ పక్కలు నొక్కేవి,
ప్రతి రేవులోనూ ఇంకో అంకె ముందుకి జరిగేవాడు.
ముందు మిగిలిన ఖాళీలో
ఓడ పేరు అచ్చేసిన తెల్ల నాప్‌కిన్లు కుక్కేవాడట.
తనే చెప్పాడు, దొంగతనం ఒప్పుకున్నట్టు.

పై అరలోంచి ఒక పెట్టె దించాను.
ఏడున్నర, వెడల్పు జాతి,
అడిగేవాళ్ళు లేక మూతంతా దుమ్ము.
లేసు బిగించాను. తలుపుదాకా నడిచాడు.
వెనక్కి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు.
"చప్పుడు లేదు" అన్నాడు.
మడమ లేచి పడే టపటపని
ఇన్నేళ్ళూ తన నడకే అనుకున్నాడు.

"శనివారం పాత ఓడవాళ్ళ విందు.
ఈసారి నేను కూర్చుంటాను" అన్నాడు,
ఎవరో ప్లేటు అందించినట్టు
రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని.

డబ్బులిచ్చాడు. గొడుగు తీశాడు. ఆగాడు.
"పెట్టె మీద నలభై మూడని రాస్తారా?
మావాళ్ళందరికీ నేను నలభై మూడు."

రాశాను.
పెన్సిల్‌తో.